చోర్ జేబు కుట్టించుకొని రా చెల్లె

డాలస్‌కు ఎమ్మెస్ చదవడానికి వస్తున్న మహబూబ్‌నగర్ అమ్మాయి అడిగింది: "అక్కా, కెమెరాలు ముఖం గుర్తుపట్టకుండా చేసే స్వెటర్లు, కార్డులు స్కాన్ కాకుండా ఆపే జాకెట్లు ఆన్‌లైన్‌లో చూశాను. ఒక్కదాన్నే ఉండాలి కదా, ఒకటి కొనుక్కోనా?"

వద్దు చెల్లె. ఆ ధరలో పదో వంతుకే మీ క్లాక్‌టవర్ దగ్గర ఏ టైలర్‌కిచ్చినా ఇంతకంటే పనికొచ్చేది కుట్టిస్తాడు. మా తాత మిర్యాలగూడలో వడ్లు అమ్మిన పైసలు కుట్టు బనీను చోర్ జేబులో పెట్టుకొని బస్సులో ఊరికొచ్చేవాడు. పక్క సీటాయనకు కూడా తెలిసేది కాదు. నేను వచ్చేముందు నల్గొండ గడియారం సెంటర్‌లో అదే జేబు జాకెట్ లోపల కుట్టించుకున్నా.

పాస్‌పోర్టు 12.5 సెంటీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు ఉంటుంది. జేబు 15కు 11 ఉండాలి. కాటన్ గుడ్డ, పైన జిప్పు, ఎడమ చంక కింద. జీన్స్ వెనక జేబును నమ్మకు, ఆడవాళ్ల జీన్స్‌కు అసలు జేబులే సరిగ్గా పెట్టరు (ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు). ఎయిర్‌పోర్టులో జాకెట్ ట్రేలోకి వెళ్తుంది, ముందే పాస్‌పోర్టు తీసి చేతిలో పట్టుకో. సోషల్ సెక్యూరిటీ కార్డు (అమెరికా ప్రభుత్వం నీకిచ్చే నంబరు ఉండే కార్డు) మాత్రం ఏ జేబులోనూ వద్దు, ఇంట్లోనే పెట్టు.

కార్డుల భయం ఎక్కువ చేసి చెప్తారు. ట్యాప్ చేసే కార్డు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే పలుకుతుంది, ప్రతిసారీ కొత్త కోడ్ ఇస్తుంది. సిగ్నల్ ఆపే పౌచ్ నిజంగానే పనిచేస్తుంది, కానీ అందులో ఫోన్ మోగదు. అమ్మ పదిసార్లు చేసి టెన్షన్ పడుతుంది.

ముఖాన్ని దాచే స్వెటర్ ఒక సాఫ్ట్‌వేర్‌ను మోసం చేస్తే ఇంకోదాని ముందు దొరికిపోతుంది. అమెరికాలో దిగగానే ఫొటో, వేలిముద్రలు ఎలాగూ తీసుకుంటారు. మన పాలమూరు ఎండలో స్కూటీ మీద స్కార్ఫ్ కట్టినట్టు ఇక్కడ కట్టుకుంటే? చలికి పర్వాలేదు, బ్యాంకులోకి వెళ్లేటప్పుడు తీసెయ్. న్యూయార్క్ రాష్ట్రం 1845 నాటి ముసుగు నిషేధ చట్టాన్ని 2020లో ఎత్తేసింది, కానీ అక్కడి నాసౌ (Nassau) కౌంటీ 2024లో ముసుగు నిషేధం మళ్లీ తెచ్చింది. ఆరోగ్యానికి, మతానికి మినహాయింపు ఉంది. ఎక్కడికి వెళ్తే అక్కడి రూల్ చూసుకో.

నా గుట్టు బయటపడింది కెమెరాతో కాదు. కొత్త ఉద్యోగంలో ఆఫీసు బ్యాడ్జీ మెడలోంచి తీయకుండా రైలెక్కాను. ఎదుటి సీటతను పేరు, కంపెనీ చదువుకున్నాడు. రాత్రికల్లా నా అకౌంట్లన్నిటికీ మెసేజ్‌లు. నెల రోజులు వేరే రైల్లో తిరిగాను. హాస్టల్ పేరున్న హుడీ కూడా అంతే, ఎక్కడ ఉంటున్నావో వీపు మీద రాసుకొని తిరిగినట్టే.

అందుకని టైలరన్నకు ఇంకో చిన్న జేబు చెప్పు, కుడివైపు, బ్యాడ్జీ పట్టేంత. ఆఫీసు తలుపు దాటి బయటికి రాగానే అందులో వేసెయ్.