ఇంప్లాంట్‌పై చిగురు తెరవడానికి లేజర్ చాలదా?

ప్రశ్న: కింది దవడలో వెనక పన్ను పోయిన చోట ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) వేశారు. మూడు నెలలైంది. ఇప్పుడు చిగురు కోసి, హీలింగ్ క్యాప్ (చిగురు మానేదాకా ఇంప్లాంట్‌పై బిగించే చిన్న మూత) పెట్టి కుట్లు వేస్తారట. లేజర్‌తో చిన్న రంధ్రం చేస్తే సరిపోదా? ఆ తర్వాత కూడా పన్ను వెంటనే పెట్టరట. ఇంకా ఎందుకు ఆగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలామందికి సరిపోతుందమ్మా. మీకు సరిపోతుందా అన్నది మీ చిగురును బట్టి ఉంటుంది. అద్దం ముందు నిలబడి బుగ్గను వేలితో పక్కకు లాగి, కాస్త అటూ ఇటూ కదపండి. ఇంప్లాంట్ ఉన్న చోట కదలకుండా ఎముకకు అతుక్కుని, లేత గులాబీ రంగులో ఉన్న పట్టీ గట్టి చిగురు. దాని పక్కన బుగ్గతో పాటు కదులుతూ, ఎర్రగా, పల్చగా ఉండేది మెత్తటి పొర. పన్ను పోయి చాలా కాలమైన వాళ్లలో ఆ గట్టి పట్టీ సన్నగా మిగులుతుంది.

లేజర్ అయినా, గుండ్రంగా కత్తిరించే పంచ్ అయినా ఇంప్లాంట్ మీదున్న చిగురును తీసి పారేస్తాయి. పట్టీ వెడల్పుగా ఉంటే ఇబ్బంది లేదు, కుట్ల బాధా తప్పుతుంది. సన్నగా ఉంటే మాత్రం ఉన్న కాస్తా పోతుంది. పంటి చుట్టూ మెత్తటి పొరే మిగిలితే బ్రష్ తగిలినప్పుడల్లా మంట. మంటని అక్కడ బ్రష్ ఆనించరు, పాచి చేరుతుంది, చిగురు వాస్తుంది. కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి చిగురు ఉండాలని మాలో చాలామంది చూసుకుంటాం. నా దగ్గరా లేజర్ ఉంది. అయినా ఇలాంటి చోట బ్లేడే తీస్తాను. కోతను నాలుక వైపుకు జరిపి పెడితే ఆ పట్టీని బుగ్గ వైపుకు నెట్టి కుట్టవచ్చు, ఏమీ వృథా కాదు. మీ డాక్టర్ ఆలోచన కూడా ఇదే అయి ఉంటుంది, అడిగి చూడండి. గట్టి చిగురు బొత్తిగా లేకపోతే అంగిలి నుంచి చిన్న ముక్క తీసి అతికిస్తాం. అప్పుడు ఇంప్లాంట్ దగ్గర కంటే అంగిలిలోనే ఎక్కువ నొప్పి ఉంటుందని ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత నన్ను తిడతారు!

క్యాప్ పెట్టాక వాపు తగ్గి, చిగురు అంచు కాస్త దిగి స్థిరపడాలి. వెనక పళ్లకు మామూలుగా మూడు నాలుగు వారాలు. తొందరపడి ముందే పంటికి కొలత తీస్తే తర్వాత చిగురు దిగిపోయి, పంటి కింద ఆహారం ఇరుక్కునే సందు మిగులుతుంది. ముందు పళ్లకైతే ఇంకా ఎక్కువ ఆగాలి. అక్కడ టెంపరరీ పన్ను పెట్టి, దాని ఆకారం కొద్దికొద్దిగా మారుస్తూ చిగురును మలుస్తాం.

చివరగా పెట్టే పన్నును స్క్రూతో బిగిస్తారా, సిమెంట్‌తో అతికిస్తారా అని కూడా అడగండి. కుదిరితే నేను స్క్రూకే మొగ్గుతాను. చిగురు కింద ఇరుక్కున్న సిమెంట్ వల్ల వాపు, చీము వచ్చి ఎముక కరగడం చూశాం.

ఈలోగా క్యాప్ చుట్టూ మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసుకోండి, కుట్లు తీసేదాకా డాక్టర్ ఇచ్చిన మౌత్‌వాష్ వాడండి. క్యాప్ కదులుతున్నట్టు అనిపిస్తే టెన్షన్ పడొద్దు, ఇంప్లాంటే ఊడిందనుకోకండి, చాలాసార్లు వదులయ్యేది క్యాప్ స్క్రూనే. వేలితో మీరే తిప్పకండి. ఊడి చేతికొస్తే చిన్న డబ్బాలో వేసుకుని అదే రోజు క్లినిక్‌కు వెళ్లండి. రెండు రోజులు ఆగితే చిగురు మూసుకుపోయి మళ్లీ మత్తు ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావచ్చు.