బీఎస్సీ అగ్రికల్చర్ తర్వాత ఎమ్మెస్సీ: ఎవరికి పనికొస్తుంది, ఏ సబ్జెక్టు తీసుకోవాలి?

మహానంది కాలేజీలో ఫైనలియర్‌లో ఉన్నారు, ఎమ్మెస్సీ చేస్తే ఉద్యోగానికి కలిసొస్తుందా, ఏ సబ్జెక్టు మేలు అని అడిగారు.

మీకు కావాల్సిన ఉద్యోగం అసలు ఎమ్మెస్సీ అడుగుతుందా, అది ముందు చూసుకోండి. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్‌కు నాలుగేళ్ల డిగ్రీ చాలు. వయసు మాత్రం 30 దాటకూడదు, రిజర్వేషన్ ఉంటే సడలింపు. వ్యవసాయ శాఖలో ఏఓ (వ్యవసాయాధికారి) పోస్టుకూ బీఎస్సీ సరిపోతుంది. హాస్టల్ కోసం పీజీలో చేరి బ్యాంకు పరీక్షలకు చదివితే థీసిసూ సాగదు, పరీక్షా సాగదు. కేవీకేలో (కృషి విజ్ఞాన కేంద్రంలో) సబ్జెక్ట్ మ్యాటర్ స్పెషలిస్టు, విత్తన కంపెనీలో కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్, యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ లాంటివి కావాలంటే మాత్రం పీజీ తప్పదు. ప్రొఫెసర్ దారిలో వెళ్లేవాళ్లు ఎమ్మెస్సీతో ఆగితే ఏఎస్ఆర్‌బీ (వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక బోర్డు) పెట్టే నెట్ అర్హత పరీక్ష కూడా పాసై ఉండాలి. అది మీ పీజీ సబ్జెక్టులోనే రాయాలి కాబట్టి, డిపార్ట్‌మెంటు తీసుకున్న రోజే సగం దారి ఖాయమైపోతుంది.

సబ్జెక్టు పేరు చూసి కాదు, రోజూ చేయాల్సిన పని చూసి ఎంచుకోండి. బ్రీడింగ్ అంటే చాలామందికి డీఎన్ఏ, ల్యాబ్ గుర్తొస్తాయి. కదిరి లాంటి వేరుశనగ పరిశోధన కేంద్రంలో పని వేరు. సాయంత్రం మొగ్గ విప్పి సన్న ఫోర్‌సెప్స్‌తో కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే మగ మొక్క పుప్పొడి అద్ది, ఆ కణుపుకు దారం కట్టాలి. పువ్వు కింద తొడిమలా కనిపించే సన్న గొట్టంలోనే కీలం ఉంటుంది. అది నలిగితే ఆ క్రాస్ (సంకరం) పోయినట్టే. అదే కణుపులో మిగతా పూలు రోజూ గిల్లేయకపోతే ఏ ఊడ (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడ) క్రాస్‌దో, ఏది సొంత పుప్పొడితో వచ్చిందో తెలియదు. నడుం వంచి వారాల తరబడి ఇది చేయగలిగితే బ్రీడింగ్ మీకు సరిపడుతుంది. కోతయంత్రానికి అందేలా నిటారుగా పెరిగే శనగ రకం ఎన్‌బీఈజీ 47 నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది కూడా ఇలాంటి ఓపికతోనే.

పాథాలజీ (తెగుళ్ల శాస్త్రం), ఎంటమాలజీ (పురుగుల శాస్త్రం) మన ప్రాంతానికి బాగా పనికొచ్చేవే. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్ళు వైరస్ ఊడ్చేసింది. వయ్యారిభామ పుప్పొడిలో ఉన్న వైరస్‌ను తామర పురుగులు పంటకు ఎక్కించాయి. గట్ల మీద వయ్యారిభామ పీకడం, చుట్టూ జొన్నో సజ్జో అడ్డుగా వేయడం లాంటి సలహాలు వ్యాధి ఎలా వస్తుందో తేల్చాకే పుట్టాయి. కేవీకేలో రైతు అడిగేదీ ఈ రకం ప్రశ్నలే. సీడ్ టెక్నాలజీ తక్కువమంది తీసుకుంటారు గానీ, నంద్యాల చుట్టుపక్కల విత్తన వ్యాపారం ఉన్నంతకాలం కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరించి, మొలక పరీక్ష నమ్మకంగా చేసేవాళ్లకు పని ఉంటుంది. సర్టిఫైడ్ వేరుశనగ విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలి, తెలుసుగా.

ఇక థీసిస్. 70 క్రెడిట్లలో 30 దానివే, దెబ్బతినేదీ అక్కడే. అడ్మిషన్లు అయ్యేసరికి మొదటి ఖరీఫ్ పోతుంది, మిగిలేది రెండోదే. జూలైలో విత్తిన వేరుశనగ చేను ఊడలు దిగేటప్పుడు మూడు వారాలు వాన మొహం చాటేస్తే అన్ని మళ్లూ ఒకేలా ఎండుతాయి. సీవీ (సగటుతో పోలిస్తే లెక్కల్లో చెదురుదల శాతం) పెరిగిపోతుంది, ట్రీట్‌మెంట్ల మధ్య తేడా నిలవదు. పైగా ఎర్రనేల గట్టిపడితే పీకినప్పుడు కాయలు భూమిలోనే తెగిపోతాయి. వాటిని తవ్వి ఏరి తూకంలో కలపకపోతే దిగుబడి లెక్కే తప్పు.

అందుకే ఆగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) తీసుకుంటే బోరు ఉన్న బ్లాకు అడగండి, లేదా రబీ పంట మీద పని పెట్టించుకోండి. ఆర్‌బీడీలో (మళ్లను బ్లాకులుగా విడదీసి చేసే ప్రయోగ పద్ధతిలో) ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే (రెప్లికేషన్లు − 1) × (ట్రీట్‌మెంట్లు − 1), 12కు తగ్గకూడదు. కాబట్టి ఒక్కో ట్రీట్‌మెంట్‌ను మూడుసార్లు వేస్తే (3 రెప్లికేషన్లయితే) కనీసం 7 ట్రీట్‌మెంట్లు, 4 అయితే 5. ట్రీట్‌మెంట్లు ఎక్కువ పెడితే గొప్ప అనుకుని 15 పెట్టకండి, 45 మళ్లలో కలుపు తీయించేది మీరే.

గైడును ఎంచుకునేముందు ఆయన దగ్గర పూర్తిచేసిన ఇద్దరు సీనియర్లతో మాట్లాడండి. థీసిస్ ఎన్నాళ్లలో సబ్మిట్ చేశారు, కూలీల ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఈ రెండూ తప్పకుండా అడగండి.