కరువు పనుల గురించి రాస్తున్న తమ్ముడికి

హనుమకొండ

తమ్ముడూ,

మీ ఊరి చెరువు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కరువు రోజుల్లో జనం పడ్డ పాట్లు చెప్పిన చోట నీ వాక్యానికి మంచి పట్టు ఉంది. కానీ వ్యాసమంతా వెతికినా చెరువు పని మాత్రం కనబడలేదు. ఆకలి ఉంది, ఎండ ఉంది, సర్కారు దయ ఉంది. తట్ట ఎవరు నింపారు, ఎవరు ఎత్తారు, మట్టి ఎక్కడ పోశారు, కూలి ఎలా లెక్కగట్టారు అన్నవి లేవు. పనికి వచ్చినవాళ్లను చేయి చాచినవాళ్లుగా చూపించావు. వాళ్లు మట్టి తవ్వి, మోసి, కొలిపించి కూలి తీసుకున్నారు. వ్యాసాన్ని అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టు.

ముందు ఏ కాలపు పని గురించి రాస్తున్నావో తేల్చుకో. 2001లో వచ్చిన సంపూర్ణ గ్రామీణ రోజ్‌గార్ యోజనలో కూలిలో భాగంగా రోజుకు కనీసం 5 కిలోల తిండిగింజలు ఇవ్వాలన్నది నియమం. మన పెద్దవాళ్లు పనికి ఆహారం అన్నప్పుడు గుర్తుచేసుకునే బియ్యం ఆ రోజులదే కావచ్చు, అడిగి తెలుసుకో. ఉపాధి హామీ వేరు. 2005లో చట్టమైంది, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది, తొలి విడతలోనే మన వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాలకు వచ్చింది. అంతకుముందు పని ఎప్పుడు పెట్టాలన్నది సర్కారు ఇష్టం. చట్టం వచ్చాక జాబ్ కార్డు ఉన్నవాళ్లు అడిగితే 15 రోజుల్లో పని చూపాలి, లేదంటే భృతి ఇవ్వాలి. నీ వ్యాసంలో పనికి వచ్చిన ఆడవాళ్లు బతిమాలుతున్నట్టు ఉంది. ఏ ఏడాది సంగతో తెలిస్తే ఆ మాట తీరే మారిపోతుంది.

ఇంకొకటి. 2015లో తెలంగాణ సర్కారు మొదలుపెట్టిన చెరువుల బాగు పథకం మిషన్ కాకతీయనూ ఉపాధి పనినీ కలిపేశావు. మిషన్ కాకతీయలో పూడిక తీసినవి ఎక్కువగా యంత్రాలు. ఒండ్రు మట్టిని రైతులే ట్రాక్టర్లు పెట్టుకుని చెలకలకు తోలుకున్నారు. ఉపాధి పనిలో కాంట్రాక్టరు ఉండకూడదు, మనుషులు చేయగల పనిని యంత్రంతో చేయించకూడదు, ఖర్చులో 60 శాతానికి తగ్గకుండా కూలికే పోవాలి. రెండూ మంచి పనులే, కానీ రెంటి కథా ఒకటి కాదు.

ఇప్పుడు పని దగ్గరికి వెళ్లు. చెరువులో పూడిక తీసేటప్పుడు గుంత మధ్యలో మట్టి దిమ్మె ఒకటి తవ్వకుండా వదిలేస్తారు. కొలిచేవాళ్లు వచ్చి పొడవు, వెడల్పు చూసి, లోతును ఆ దిమ్మె ఎత్తుతో సరిచూస్తారు. దిమ్మె నెత్తిన ఎండిన గడ్డి వేళ్లతో సహా ఉంటే పాత నేల మట్టం అదే. పైన రెండు తట్టల మట్టి పోసి ఎత్తు పెంచితే ఆ మట్టి వదులుగా ఉండి చేతికే తెలిసిపోతుంది. ఘనపు మీటర్లను బట్టే కూలి. మే నెలలో నేల రాయిలా బిగుసుకుని గడ్డపార ఎగిరిపడుతుంది కాబట్టి వేసవి భత్యం కలిపేవారు. ఆ దిమ్మె పక్కన నిలబడి కొలత ఎంత వచ్చిందో అని చూసే మనిషి ముఖం నీ వ్యాసంలో ఉండాలి. నాకు ఆ ముఖం కావాలి, ఆకలి మీద ఇంకో పేరా వద్దు.

పని చోట నీడ, తాగునీరు, మందుల పెట్టె ఉండాలని, పసిపిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వాళ్లను చూసుకునే మనిషి ఉండాలని ఉపాధి హామీ చట్టం చెప్పింది. మీ ఊళ్లో ఉన్నాయా? తల్లులను అడుగు. లేకపోతే లేవని రాయి, కోపంగానే రాయి.

దొంగ మస్టర్ల గురించీ, అంటే కూలీల దొంగ హాజరు పట్టీల గురించీ రాయాలి. కానీ అదే వ్యాసమంతా కాకూడదు. సామాజిక తనిఖీలో గ్రామసభ ముందు మస్టరులోని పేర్లు చదివి వినిపిస్తారు. చనిపోయినవాళ్ల పేరు చదివినప్పుడు, పనికి రాని పెద్దింటివాళ్ల పేరు చదివినప్పుడు జనంలోంచి ఎవరు లేచారు, ఎవరు తల దించుకున్నారు, తరువాత ఎంత సొమ్ము వెనక్కి వచ్చింది అన్నది కనుక్కో. 2020 లాక్‌డౌన్‌లో పట్నం నుంచి తిరిగొచ్చిన చదువుకున్న పిల్లలు పార పట్టిన సంగతి కూడా మస్టరులోనే దొరుకుతుంది.

రామప్ప, పాకాల చెరువులు అనగానే మన కలం కాకతీయుల వైపు పరుగెడుతుంది. రామప్ప గుడి దగ్గర 1213 నాటి శాసనం ఆ గుడి కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడి పేరు చెబుతుంది. మీ చెరువు పూడిక తీసినవాళ్ల పేర్లకు మస్టరు కాగితం తప్ప ఇంకేమీ లేదు. మండల ఆఫీసులో సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకో, కొలతల పుస్తకం కూడా అడుగు.

తరువాత మత్తడి నుంచి తూము దాకా కట్ట మీద నడువు. పూడిక తీశాక ఆయకట్టు చివరి మడికి నీళ్లు అందాయా, ఎన్నేళ్లు అందాయి, మళ్లీ ఎప్పుడు పూడింది? చెరువు నీళ్లు మళ్లకు వదిలే నీరటిని పట్టుకుంటే చెబుతాడు. రాసింది ముందుగా అప్పటి మేట్‌కు, అంటే కూలీల జట్టును నడిపించిన ఆమెకు చదివి వినిపించు. కొలతల్లో తప్పుంటే ఆమె ఊరుకోదు. దిద్దుకున్నాక నాకు పంపు, వానలు పడకముందే.

ఆశీస్సులతో,
మీ అన్న