ఎన్నారై సందేహాలు: పాపకి ఏ వీడియో పెట్టాలి?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఇర్వింగ్‌కి వచ్చి నాలుగు నెలలైంది. పాపకి మూడున్నరేళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. స్కూల్లో వేసేలోపు ఇంగ్లీషు రావాలని రోజూ రైమ్స్, ఫోనిక్స్ వీడియోలు పెడుతున్నాను. ఏ ఛానెల్ మంచిదో చెప్పగలరా? ఈ మధ్య అన్నం తినాలన్నా ఫోన్ కావాలంటోంది.

జవాబు: ఛానెల్ సంగతి చెబుతానమ్మా. దానికన్నా ముందు "స్కూల్లో వేసేలోపు ఇంగ్లీషు రావాలని" అన్నారే, ఆ మాట దగ్గర ఆగుదాం. ఆ టెన్షనే లేకపోతే మీరు ఇన్ని వీడియోలు పెట్టేవారు కాదేమో.

టెక్సాస్ ప్రభుత్వ బడుల్లో నాలుగేళ్ల పిల్లలకి ప్రీ-కె అని ఒక తరగతి ఉంటుంది. అది అందరికీ ఉచితం కాదు. ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలు, సైన్యంలో ఉన్నవాళ్ల పిల్లలు, ఇలా కొన్ని అర్హతలు పెట్టారు. అందులో ఒకటి, ఇంగ్లీషు మాట్లాడటమూ అర్థం చేసుకోవడమూ రాకపోవడం. మీరు ఏది లోటు అనుకుంటున్నారో అదే మీ పాపకి అర్హత! సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండి ఉండాలి. రిజిస్ట్రేషన్లు మామూలుగా ఎండాకాలం సెలవులకి ముందే మొదలవుతాయి కాబట్టి మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతంలో ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) వెబ్‌సైట్ మీద ఓ కన్నేసి ఉంచండి. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష వాడతారో రాయమని ఒక ఫారం ఇస్తారు. మనవాళ్లు చాలామంది, పిల్లని ఎక్కడ చిన్నచూపు చూస్తారో అని అందులో 'ఇంగ్లీషు' అని రాసేస్తారు. ఉన్నది ఉన్నట్టు తెలుగు అనే రాయండి. అలా రాస్తేనే వాళ్లు పాపకి ఇంగ్లీషు ఎంత వచ్చో పరీక్షిస్తారు. నాకు తెలిసిన ఒకావిడ పరువు కోసం ఇంగ్లీషు అని రాసి, ఆ తర్వాత నెలనెలా ప్రైవేటు ప్రీస్కూలుకి ఫీజు కట్టుకుంది.

తోటి పిల్లల మధ్య పడితే ఇంగ్లీషు దానంతట అదే వచ్చేస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి, తెలుగులో జవాబు చెప్పమని మీరే బతిమాలుకునే రోజు వస్తుంది. ఇక్కడ మా అందరి ఇళ్లలో జరిగిందదే. కాబట్టి వీడియోని ఇంగ్లీషు మాస్టారుగా చూడటం మానేస్తే, మంచిదేదో ఎంచుకోవడం సులువవుతుంది.

ఇది ఎవరో చెప్పగా నేర్చుకున్నది కాదు. మా పెద్దాడు 2005లో పుట్టాడు. వాడూ యూట్యూబూ ఒకే ఈడు వాళ్లు. అప్పట్లో ఫోన్లలో వీడియోలు లేవు, పసిపిల్లల తెలివి పెంచుతామని అమ్మే డీవీడీలు ఉండేవి. ఆయన ఆఫీసుకి వెళ్లిపోతే నేనూ, ఉద్యోగానికి వీల్లేని నా హెచ్-4 వీసా, నాలుగు గోడలు, చంటివాడు. డీవీడీ పెడితే వాడు కదిలేవాడు కాదు, నేను కుక్కర్ పెట్టుకునేదాన్ని. రెండేళ్లకల్లా ఏ నుంచి జెడ్ దాకా, సారీ, ఇక్కడి లెక్కన జీ దాకా, గడగడా చెప్పేవాడు. రంగులన్నీ వచ్చు. రెండేళ్ల చెకప్‌లో డాక్టరుకి ఇదంతా గొప్పగా చెప్పాను. ఆవిడ వింది, విని, "దాహమేస్తే ఏమని అడుగుతాడు?" అంది.

ఏమీ అనడు. నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళతాడు.

"ఏరోప్లేన్ కనిపిస్తే మీకు చూపిస్తాడా?" అంది. అదీ లేదు. ఆవిడ ఎవరినీ తప్పు పట్టలేదు, డీవీడీల వల్లే అని కూడా అనలేదు. నేనూ అనను. పిల్లలకి మాటలు ఆలస్యం కావడానికి కారణాలు చాలా ఉంటాయి. కాకపోతే అక్షరాలు వల్లించడమూ మాట్లాడటమూ వేర్వేరు పనులని ఆ రోజే నాకు తెలిసింది.

మూడేళ్ల లోపు పిల్లలకి ఎదుగుదలలో అనుమానం ఉంటే చూడటానికి ఇక్కడ ప్రతి రాష్ట్రంలోనూ ఒక ప్రభుత్వ కార్యక్రమం ఉంది. టెక్సాస్‌లో దాన్ని ఈసీఐ అంటారు. పిల్లవాణ్ణి పరీక్షించడానికి డబ్బు తీసుకోరు, డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు, తల్లిదండ్రులే ఫోన్ చేసి అడగొచ్చు. మూడు దాటితే ఆ బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. మీ పాప గురించి అలాంటి అనుమానమేదైనా ఉంటే పరీక్ష చేయమని డిస్ట్రిక్ట్‌కి కాగితం మీద రాసి అడగండి. "ఇంట్లో తెలుగు మానేయండి, రెండు భాషల వల్లే మాటలు రావట్లేదు" అని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు.

మా వాడికి మాటలు నేర్పడానికి ఇంటికొచ్చిన థెరపిస్టు సోఫాలో కూర్చునేది కాదు, నేలమీద కూర్చునేది. సబ్బు బుడగలు ఊదేది. రెండుసార్లు ఊది, మూడోసారి ఊదబోయి ఆగేది. వాడి ముఖంలోకి చూస్తూ అలాగే ఉండేది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. నాకేమో గుండె పీచుపీచుమనేది, వాడి తరఫున నేనే చెప్పేద్దామా అని. ఒకరోజు వాడు "బ" అన్నాడు. ఆవిడ వెంటనే ఊదింది. వాడిప్పుడు కాలేజీలో ఉన్నాడు, వాగుడు ఆపమన్నా ఆపడు, అది వేరే సంగతి.

ఆ ఆగడమే నేనిప్పుడు వీడియోల్లో వెతుకుతాను. మన ఏడు చేపల కథ చూడండి. "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" అని అడిగి అమ్మమ్మ ఒక్క క్షణం ఊరుకునేది. "గడ్డిమోపు అడ్డొచ్చింది" అని మనమే అనేవాళ్లం. గడ్డి నుంచి ఆవుకీ, ఆవు నుంచి కాసేవాడికీ, అలా చీమ పుట్ట దాకా ప్రశ్న మీద ప్రశ్న. రేపు మళ్లీ అదే కథ కావాలనేవాళ్లం, ఎల్లుండీ అదే. అమెరికాలో 1996లో మొదలైన బ్లూస్ క్లూస్ అనే పిల్లల కార్యక్రమం సరిగ్గా ఈ రెంటినే పట్టుకుంది. మనిషి కెమెరాలోకి చూసి ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పేదాకా ఊరుకుంటాడు. మొదట్లో ఒకే ఎపిసోడ్‌ని వారంలో ఐదు రోజులూ వేసేవారు. పిల్లలు విసుక్కోకపోగా, మళ్లీ చూసినకొద్దీ ఎక్కువ జవాబులు చెప్పారు. మన ముసలమ్మలకి ఇది ముందే తెలుసు.

కాబట్టి ఏదైనా వీడియో పెట్టేముందు మీరొక్కరే రెండు నిమిషాలు చూడండి, అదీ సౌండ్ తీసేసి. బొమ్మ ఎన్నిసార్లు మారుతోందో వేళ్ల మీద లెక్కపెట్టండి. లెక్క అందకుండా మారిపోతుంటే అది నేర్పడానికి తీసింది కాదు, కట్టి పడేయడానికి తీసింది. 2011లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 60 మంది నాలుగేళ్ల పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి వేగంగా పరిగెత్తే కార్టూన్, ఒక గుంపుకి నింపాదిగా సాగే విద్యా కార్యక్రమం చూపించారు, మూడో గుంపుకి రంగులిచ్చి బొమ్మలు వేసుకోమన్నారు. అంతా కలిపి 9 నిమిషాలే. ఆ వెంటనే పెట్టిన చిన్న పరీక్షల్లో, మనసు అదుపులో పెట్టుకుని చేయాల్సిన పనుల్లో, వేగం కార్టూన్ చూసినవాళ్లు వెనకబడ్డారు. చూసిన వెంటనే ఎలా ఉన్నారన్నదే అందులో తేలింది, జీవితకాలం సంగతి కాదు. అయినా వీడియో ఆపేశాక మన పిల్లలు ఎందుకంత చిరాకుగా ఉంటారో ఆలోచించుకోవడానికి అది చాలు.

నా రెండో పరీక్ష కూడా ఆపేశాకే. టీవీ కట్టేశాక పాప అందులోది ఏదైనా ఆడుతోందా, ఒక మాట తెచ్చి మీతో అంటోందా, లేక ఇంకోటి పెట్టమని కింద పడి దొర్లుతోందా? నాలుగు రోజులు గమనిస్తే ఏది ఉంచాలో ఏది తీసేయాలో మీకే తెలిసిపోతుంది, నన్ను అడగక్కర్లేదు.

పేర్లు అడిగారు కాబట్టి, నేనైతే పబ్లిక్ టీవీతో, అంటే పీబీఎస్‌తో మొదలుపెట్టమంటాను. పీబీఎస్ కిడ్స్ యాప్‌కి డబ్బు కట్టక్కర్లేదు, అకౌంట్ కూడా అవసరం లేదు. కేబుల్ పెట్టించుకోకపోయినా డాలస్ చుట్టుపక్కల 13వ ఛానెల్, అంటే కేఈఆర్ఏ, మామూలు యాంటెన్నాతో వస్తుంది. అందులో డేనియల్ టైగర్ అని 2012లో మొదలైన బొమ్మల కార్యక్రమం ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలకి అది ఎందుకు పనికొస్తుందంటే, అందులో నేర్పేవి అక్షరాలు కావు. బొమ్మ కోసం తన వంతు వచ్చేదాకా ఉండటం, కోపమొస్తే ఏం చేయాలో, బాత్రూమ్ వస్తే ఆట మధ్యలోనైనా లేచి వెళ్లడం. ప్రతిదానికీ ఒక చిన్న పాట ఉంటుంది. ఇక్కడి క్లాసురూముల్లో టీచర్లు కోరుకునేది ఇదే. ఇంటి దగ్గర తాతయ్య బొమ్మ లాక్కుని మరీ చేతిలో పెట్టిన పిల్లలకి 'టర్న్' అనే మాట ఇక్కడ కొత్త. ట్యాబ్ మీద ఆడుకోవాలంటే ఖాన్ అకాడమీ కిడ్స్ యాప్ ఉంది, అదీ ఉచితమే, ప్రకటనలు ఉండవు.

ఇక యూట్యూబ్. మీరు మామూలు యూట్యూబ్ పెడుతున్నట్లయితే ఇవాళే మానేయండి. ఒకదాని తర్వాత ఒకటి దానంతటదే వచ్చేస్తుంటే, వంటింట్లోంచి మీరు తిరిగొచ్చేసరికి పాప ఎవరో బొమ్మల డబ్బాలు విప్పుకుంటుంటే చూస్తూ ఉంటుంది. యూట్యూబ్ కిడ్స్ అని 2015లో వచ్చిన యాప్ వేరే ఉంది. అది పెట్టి వదిలేస్తే చాలదు. సెట్టింగుల్లో మీరు ఒప్పుకున్నవి మాత్రమే చూపించే పద్ధతి ఒకటుంది. అది ఎంచుకుంటే పాప వెతకలేదు, మీరు టిక్కు పెట్టిన ఛానెళ్లు, వీడియోలే కనిపిస్తాయి. పది పన్నెండు వీడియోలు ఎంచిపెడితే నెలకి సరిపోతాయి. చెప్పాగా, పిల్లలకి చూసిందే కావాలి. టైమర్ కూడా ఉంటుంది. టైమ్ అయిపోగానే యాపే ఆగిపోతుంది. అప్పుడు కట్టేసింది అమ్మ కాదు, గడియారం. ఇంట్లో సగం యుద్ధాలు దాంతో తగ్గుతాయి.

వీడియో కింద 'మేడ్ ఫర్ కిడ్స్' అని ఉంటే అది నాణ్యతకి ముద్ర అనుకుంటారు కొందరు. కాదు. పిల్లల వివరాలు సేకరించినందుకు 2019లో గూగుల్, యూట్యూబ్‌ల మీద 17 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఆ తర్వాత, 2020 జనవరి నుంచి వీడియో పెట్టేవాళ్లు అది పిల్లల కోసమో కాదో చెప్పాలని నియమం వచ్చింది. దానివల్ల కామెంట్లు ఉండవు, పిల్ల చూసినదాన్ని బట్టి ప్రకటనలు వెంటపడవు. లోపలున్న పాఠం మంచిదో కాదో మాత్రం ఆ ముద్ర చెప్పదు. పేరులో 'ఎడ్యుకేషనల్' అని ఉండటం కూడా అంతే, అది ఎవరైనా రాసుకోవచ్చు.

తెలుగు రైమ్స్ ఛానెళ్లు బోలెడున్నాయి. వాటి విషయంలో నాకు కాస్త కోపమే. చిట్టి చిలకమ్మని కూడా డప్పుల మోతలో, ఇంగ్లీషు రైమ్ బాణీలో ఊపేస్తున్నారు, మాట వినపడదు. మాట స్పష్టంగా, నెమ్మదిగా వినిపించేవి ఒకటి రెండు దొరికితే ఉంచుకోండి. అంతకన్నా మంచిది మీ అమ్మగారి చేత ఫోన్లో రికార్డు చేయించుకోండి. వీరి వీరి గుమ్మడిపండు, కాళ్లాగజ్జా కంకాళమ్మ, ఆవిడ గొంతుతో, ఆవిడ చేతులు ఊపుతూ. నాకు తెలిసి ఇంతకన్నా మంచి ఎడ్యుకేషనల్ వీడియో ఇంకా ఎవరూ తీయలేదు.

ఎంతసేపు అంటారా? అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట, వీలైతే పెద్దవాళ్లు పక్కన కూర్చుని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇంచుమించు అదే చెప్పింది. పక్కన కూర్చోవడం అంటే గంటసేపూ కాదు, అది మనవల్ల అయ్యే పని కాదు. చివరి ఐదు నిమిషాలు వచ్చి కూర్చుని "పులి ఎందుకు ఏడుస్తోందే?" అని తెలుగులో అడిగినా చాలు. కథ ఇంగ్లీషులో చూసి తెలుగులో చెప్పాలంటే పాప రెండు భాషల్లోనూ ఆలోచించాలి.

అన్నం దగ్గర ఫోన్ సంగతి ఆఖరికి వాయిదా వేసింది, అది అన్నిటికన్నా కష్టం కనుక. ఫోన్ చూస్తున్న పిల్లకి కడుపు నిండిందో లేదో తెలియదు, మనం నోట్లో పెడుతూ పోతాం. ముద్దలు లెక్కపెట్టడం మానేసి, కొంచెం అన్నం పళ్లెంలో పెట్టి పాప ముందు ఉంచండి. సగం కింద పోస్తుంది, పోయనివ్వండి, కింద పాత దుప్పటి పరచుకోండి. మూడు నాలుగు పూటలు సరిగా తినదు. పస్తు ఉండదు, భయపడకండి. ఒకవేళ అప్పటికే సరిగా బరువు పెరగని పిల్ల అయితే డాక్టరుని అడిగి మొదలుపెట్టండి.

ఇది మొదలుపెట్టడానికి శుక్రవారం రాత్రి మంచి ముహూర్తం, ఆయన కూడా ఇంట్లో ఉంటారు. భోజనం చివర, ఎనిమిదింటికి, అమ్మమ్మకి వీడియో కాల్ చేయండి. మన ఎండాకాలంలో అక్కడ పొద్దున్న ఆరున్నర, చలికాలంలో ఏడున్నర అవుతుంది. ఆవిడ కాఫీ తాగుతూ ఉంటారు. వీడియో కాల్‌ని డాక్టర్లు కూడా ఈ గంట లెక్కలో వేయరు. ఒక్కటి మాత్రం ముందే ఆవిడకి చెప్పిపెట్టండి: ప్రశ్న అడిగాక పాప జవాబు చెప్పేదాకా ఊరుకోమని. నెట్ ఆగిపోయిందనుకుని "హలో, హలో" అనేస్తారు మరి.