బెల్లం నీళ్లు పోసినా ఆవు కోలుకోవడం లేదెందుకు?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవు మూడో ఈత ఈని మూడు వారాలైంది. రోజుకు 18 లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు పదికి పడిపోయింది. జ్వరం లేదు. దాణా ముట్టదు, ఎండుగడ్డి మాత్రం కొరుకుతోంది. బాగా చిక్కింది. నోట్లోంచి అదో రకం తియ్యటి వాసన. కాల్షియం ఎక్కించాం, రోజూ బెల్లం నీళ్లు, గంజి పోస్తున్నాం. గుణం లేదు. ఏం చేయాలి?
– ఓ పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మీరు రాసినవాటిలో ఆ తియ్యటి వాసనే అసలు ఆనవాలు. ఇది చాలావరకు కీటోసిస్, అంటే ఒంట్లో గ్లూకోజ్ చాలక కీటోన్లనే పదార్థాలు పేరుకునే జబ్బు. కాల్షియం తగ్గి వచ్చే పాలజ్వరం ఎక్కువగా ఈనిన రెండు మూడు రోజుల్లోనే వస్తుంది, మీ ఆవు ఈని మూడు వారాలైంది కాబట్టి అది కాకపోవచ్చు.

లీటరు పాలకు పొదుగు సుమారు 70 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. 18 లీటర్లంటే రోజుకు దాదాపు కిలోంబావు! ఈనిన కొత్తలో పాలు పెరిగినంత వేగంగా మేత పెరగదు. ఆ లోటుకు ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అక్కడి కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియాలో కొవ్వు పూర్తిగా మండితే శక్తి వస్తుంది. అలా మండాలంటే ఆక్సాలోఎసిటేట్ అనే పదార్థం ఉండాలి. గ్లూకోజ్ కొరతలో ఉన్న కాలేయం దాన్ని గ్లూకోజ్ తయారీకే ఖర్చు పెట్టేస్తుంది. దాంతో కొవ్వు పొయ్యిలో పచ్చికట్టెలా సగమే కాలి పొగ చిమ్ముతుంది. ఆ పొగే కీటోన్లు. మీకొచ్చే వాసన అందులోని ఎసిటోన్‌ది.

ఇక బెల్లం సంగతి. మనం తింటే చక్కెర నేరుగా రక్తంలోకి పోతుంది, ఆవుకు అలా కాదు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు ముందే దాన్ని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిలో ముఖ్యంగా ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి కాలేయం గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది. బెల్లం, గంజి ఎక్కువైతే పొట్ట పులిసి, తినే కాస్త గడ్డీ మానేస్తుంది. ఇవాళే ఆపండి.

పశువైద్యుణ్ణి పిలిచి మూత్రం పరీక్ష చేయించండి. కీటోన్లుంటే రోథెరా పరీక్షలో ఊదా రంగు వస్తుంది. పొదుగువాపు, గర్భాశయంలో చీము, మేకు మింగడం, నాలుగో పొట్ట పక్కకు జరగడం వంటివి ఉన్నా మేత తగ్గి కీటోసిస్ వస్తుంది కాబట్టి, అవీ చూడమనండి. నరానికి డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కిస్తే తేరుకున్నట్టే ఉంటుంది కానీ ఆ గుణం కొన్ని గంటలే. అందుకే డాక్టరు చెప్పిన మోతాదులో, కాలేయం గ్లూకోజ్‌గా మార్చుకోగల ద్రవమైన ప్రొపిలీన్ గ్లైకాల్ మూడు నుంచి ఐదు రోజులు నోటి ద్వారా పట్టాలి. తల మరీ పైకెత్తి గబగబా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఆవే దక్కదు. పచ్చిమేత, వేరుశనగ కట్టె ఎంత తింటే అంత పెట్టండి. దాణా కొద్దికొద్దిగా పెంచండి.

వచ్చే ఈతకు వట్టిపోయిన రోజుల్లో ఆవును మరీ కొవ్వెక్కనివ్వొద్దు. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి దాణా మెల్లగా అలవాటు చేయండి. ఈనిన తర్వాత పాలకేంద్రం చీటీలు దాచిపెట్టుకోండి. ఫ్యాట్ ఒక్కసారిగా పెరిగితే సంబరపడతాం గానీ, కరిగే ఒంటి కొవ్వు పాలలోకి దిగినా అలాగే చూపిస్తుంది. అప్పుడే మూత్రం పరీక్ష చేయిస్తే పాలు పడిపోకముందే పట్టుకోవచ్చు.