సింగిల్ ఎస్టేట్, సింగిల్ ఆరిజిన్ కాఫీ రెండూ ఒకటేనా?

ఒకటి కాదు: సింగిల్ ఎస్టేట్ అంటే ప్యాకెట్లోని గింజలన్నీ ఒకే తోటలో పండినవి, సింగిల్ ఆరిజిన్ అంటే మాత్రం ఒక ప్రాంతం కావచ్చు, ఒక్కోసారి దేశం మొత్తం కూడా కావచ్చు.

దీనికింత పట్టింపు ఎందుకంటే రుచి నేలతో, ఎత్తుతో, చెట్టు రకంతో మారిపోతుంది. కొండ మీదికి వెళ్లేకొద్దీ చలి వల్ల కాయ నిదానంగా పండుతుంది, గింజ గట్టిపడుతుంది, కప్పులో కాఫీ పులుపు, సువాసన తేటగా తెలుస్తాయి. పనామాలోని బొకేటే ప్రాంతంలో హసియెండా లా ఎస్మెరాల్డా అనే తోట ఉంది. అక్కడ ఒక్కో మడి గింజల్ని విడివిడిగా రుచి చూస్తే, ఎత్తున ఉన్న గీషా రకం చెట్ల కాఫీ మల్లెపూల వాసనతో పూర్తిగా వేరుగా తేలింది, 2004లో ఆ దేశపు పోటీలో గెలిచింది కూడా. అంతకుముందు అవి మిగతా గింజల్లో కలిసిపోయేవి! (ఆ వాసన పైనుంచి కలిపిన ఫ్లేవర్ కాదు.)

చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఒకే తోట అని రాస్తే నాణ్యమైనదే అనుకుంటారు. అది చిరునామా మాత్రమే. పచ్చికాయలు కోసినా, సరిగా ఆరబెట్టక బూజు పట్టినా అవీ ఒకే తోటవే.