వాకింగ్ ఎవరి పని?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా మామయ్యకు షుగర్. మిర్చి చేను కౌలుకిచ్చాక అరుగు దిగడం లేదు. డాక్టర్ రోజూ నడవమన్నారు. ‘వాకింగులు హన్మకొండ నౌకరీగాళ్లకు, మనకెందుకు బిడ్డా’ అంటారు. ఎట్ల చెప్పాలి మేడమ్?
– ఒక కోడలు

జవాబు: అది బద్ధకం కాదమ్మా, ‘వాళ్లు–మనం’ అనే గీత. అమెరికాలో డాఫ్నా ఆయిసర్‌మన్ అనే సోషల్ సైకాలజిస్ట్, సహచరులతో కలిసి 2007లో సరిగ్గా దీనిమీదే పరిశోధన ప్రచురించారు. వ్యాయామం, మంచి తిండి తెల్ల మధ్యతరగతి వాళ్ల అలవాట్లని అక్కడి మైనారిటీ వర్గాల విద్యార్థులు అనుకున్నారట. అలా అనుకునేవాళ్లకు తమ వర్గాన్ని గుర్తుచేస్తే, ‘ఆరోగ్యం మన చేతిలో ఏముందిలే’ అన్న నిరాశ పెరిగింది.

కాబట్టి ఇంట్లో ‘వాకింగ్’ అన్న మాటే ఎత్తకండి. భద్రకాళి బండ్ మీద బూట్లేసుకుని తిరిగేవాళ్లను చూపించొద్దు (నేనూ అక్కడే తిరుగుతాను, అది వేరే సంగతి). పొద్దున్నే ‘మామయ్యా, కౌలు ఆయన చేనుకు మందు కొట్టిండో లేదో చూసి రారాదూ’ అనండి. తువ్వాల భుజాన వేసుకుని ఆయనే బయల్దేరతారు. ఆయన ఈడువాళ్లు ఒకరిద్దరు తోడైతే మరీ మంచిది. నడుస్తున్నాను కదా అని షుగర్ గోలీలు మాత్రం ఆపనివ్వకండి.